పులికాట్‌లో పక్షులను 'లేపడం' ఆపించండి

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల కిందట ఆదివారం మీ జిల్లా పేజీలో పులికాట్ సరస్సులో పడవ మీద పక్షులు చూడటం గురించి అరపేజీ కథనం వేశారు. పైన పెద్ద ఫొటో, వందల ఫ్లెమింగోలు ఒక్కసారిగా గాల్లోకి లేచినది. కింద 'ఆకాశంలో గులాబీ మేఘం' అని రాశారు. ఆ రోజే రాసి ఉంటే కోపంలో ఏమైనా అనేదాన్నేమో, అందుకే ఇన్ని రోజులు ఆగాను. కానీ అలాంటి ఫొటో ఎలా వస్తుందో కళ్లారా చూసి వచ్చినదాన్ని, ఊరుకోలేకపోతున్నాను.

మీ కథనానికి రెండు వారాల ముందు నేను, మా కోడలు, మూడో తరగతి చదివే మనవరాలు నెల్లూరు నుంచి తెల్లవారుజామునే బయలుదేరాం. దారిలో నేలపట్టులో దిగి, చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులను చూశాం. ఆ ఊరివాళ్లు తరాలుగా ఆ పక్షులను కాపాడుకుంటున్నారు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎంత బలమో వాళ్లకు తెలుసు. ఆ గూడబాతులు పిల్లలకు మేత తెచ్చేది పులికాట్ నుంచే. అక్కడ ఏం జరిగినా ఇక్కడి గూళ్లకు తగులుతుంది.

పులికాట్‌లో పడవ ఎక్కిన అరగంటకు దూరంగా నీళ్ల మీద తెల్లటి గీత కనిపించింది. దగ్గరయ్యేకొద్దీ ఆ గీతే కాళ్లుగా, మెడలుగా విడిపోయింది. ఫ్లెమింగోలు తలకిందులుగా ముక్కు ముంచి, కాళ్లతో బురద కలుపుతూ, నీళ్లు వడగట్టుకుని తింటున్నాయి. మధ్యలో బూడిద రంగు పిల్లలు. తినే తిండిని బట్టి మెల్లగా గులాబీ రంగు వస్తుందని పాపకు చెబుతున్నాను. అప్పుడు పడవతను వెనక్కి తిరిగి "లేపమంటారా అమ్మా?" అని అడిగాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంతలో ఇంకో మోటారు పడవ మా పక్క నుంచి నేరుగా గుంపు మీదికి పోయింది. అందులోవాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ఒకటే ఈలలు, కేకలు. ఫ్లెమింగో పిచ్చుకలా నిలబడ్డచోటి నుంచి ఎగరలేదు, నీళ్ల మీద కొంతదూరం పరుగెత్తితేనే గాల్లోకి లేస్తుంది. అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తాయి. ఒక బూడిద పిల్ల వెనకబడి, ఎటు పోవాలో తెలియక ఆ పడవ ముందే తిరిగింది. మా పాప నా కొంగు పట్టుకుని ఏడ్చింది. గుంపు ఎక్కడో అవతల దిగితే పడవ అక్కడికీ పోయింది. మేమున్న రెండు గంటల్లో నాలుగుసార్లు లేపారు. వేల మైళ్ల నుంచి వచ్చే పక్షులూ ఆ సరస్సులో ఉన్నాయి. వాటికి తిండి తినే తీరిక కూడా లేకుండా చేస్తున్నాం.

పడవతనిది తప్పనను. "లేపకపోతే డబ్బులు దండగ అంటారమ్మా, ఏం జేసేది?" అన్నాడు. మేం వద్దన్నాక మోటారు ఆపేసి, గెడ వేసి నెమ్మదిగా పోనిచ్చి ఒకచోట నిలిపాడు. అరగంట మాట్లాడకుండా కూర్చున్నాం. ఒక్క పక్షి కూడా బెదరలేదు. మేస్తూ మేస్తూ అవే మా వైపు వచ్చాయి, నీళ్లు జుర్రుకునే చప్పుడు కూడా వినిపించింది. ఇలా చూపించడం అతనికి చేతకాక కాదు, ఎవరూ అడగక.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్‌లోనే ఉంది, అభయారణ్యంలో వన్యప్రాణిని వేధించకూడదు, చెత్త వేయకూడదు అని. పులికాట్ 1976 నుంచి అభయారణ్యం. ఆ ముక్క రాసిన బోర్డు రేవు దగ్గర ఒక్కటీ కనపడలేదు. ఒక కార్యాలయంలో అడిగితే పడవలు మా పరిధి కాదన్నారు. పడవలు చూసేవాళ్లను అడిగితే పక్షులు మా పరిధి కాదన్నారు. నెల్లూరులో ఒక అధికారికి చెబితే, 2022లో పులికాట్ దగ్గరి సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కదా, అక్కడే చెప్పుకోండి అన్నారు. జిల్లా మారిన సంగతి పక్షులకెలా తెలుస్తుందండీ?

2001 నుంచి ఫ్లెమింగో ఫెస్టివల్ జరుపుతున్నాం. స్టేజీలకు, సౌండ్ బాక్సులకు దొరికే డబ్బు పడవవాళ్లకు రెండు రోజుల శిక్షణకు దొరకదా? రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిక తీయమని జాలర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. సముద్రం నీళ్లు లోపలికి రాకపోతే చేపా ఉండదు, పక్షీ ఉండదు. చిలికా తర్వాత దేశంలోనే రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అని పిల్లలకు ముప్పై ఏళ్లు గర్వంగా పాఠం చెప్పాను. ఇప్పుడు ఆ మాట చెప్పాలంటే నోరు రావడం లేదు.

గుంపుకు ఎంత దూరంలో మోటారు ఆపాలో అధికారులు ఇప్పటికైనా తేల్చి, రేవులో రాసి పెట్టాలి. మీరు కూడా లేచిన పక్షుల ఫొటోలు వేయడం మానండి. వాటిని చూసే జనం అలాంటిదే కావాలని పడవ ఎక్కుతున్నారు. మా కోడలు తీసిన ఫొటో ఒకటి దీనితో పంపుతున్నాను. చెయ్యి కదిలి కొంచెం మసకగా వచ్చింది. కానీ అందులో పక్షులన్నీ తల దించుకుని తింటున్నాయి. వీలైతే అది వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నెల్లూరు