కొన్న ఆట మాయమైపోతే అడిగేదెవరిని?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన నెల మా అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఒకే బటన్ పదేపదే నొక్కుతుంటే ఏమిటా అని వెళ్లి చూశాను. తెరమీద ‘సర్వర్‌తో కనెక్ట్ కాలేకపోయాం’ అని ఒకే ఒక్క వాక్యం. మూడేళ్ల కిందట వాడి పుట్టినరోజుకి నేనే డబ్బు కట్టి కొన్న ఆట అది. నెట్ బాగానే ఉంది, కంప్యూటరూ బాగానే ఉంది. ఆటను నెట్ ద్వారా నడిపించే తన కంప్యూటర్లను, అంటే సర్వర్లను, కంపెనీ ఆపేసిందని తర్వాత తెలిసింది. వాడు ఎవరితోనూ పోటీపడి ఆడేవాడు కాదు, ఒక్కడే ఆడుకునేవాడు. అయినా సర్వర్ ‘సరే’ అంటే తప్ప ఆట తెరుచుకోదట. “మనం కొన్నాం కదా నాన్నా, ఎలా తీసేస్తారు?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

బటన్ మీద ‘కొనండి’ అనే ఉంటుంది. లోపల ఎవరూ చదవని షరతుల్లో మాత్రం ఇది లైసెన్సు (వాడుకునే అనుమతి) మాత్రమే, ఎప్పుడైనా రద్దు చేయొచ్చు అని రాసుకుంటారు. యూబీసాఫ్ట్ అనే ఆటల కంపెనీ 2014లో విడుదల చేసిన ‘ది క్రూ’ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. డిస్క్ కొని దాచుకున్నవాళ్లకు కూడా అది పనికిరాకుండా పోయింది. ఆ కోపంలోంచే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అనే ఉద్యమం మొదలుపెట్టారు. ఐరోపాలో దాని పిటిషన్‌కు 2025లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అమ్మేది లైసెన్సు అయినప్పుడు ఆ సంగతి చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడకూడదని కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది.

పాటల సంగతీ అంతే. మా నాన్నగారి క్యాసెట్ టేపు ఇరుక్కుంటే పెన్సిల్ పెట్టి తిప్పేవాళ్లం, మళ్లీ పాడేది. ఇప్పుడు నేను ఏళ్ల తరబడి కూర్చుకున్న ప్లేలిస్టులో అక్కడక్కడా పాటలు బూడిదరంగులోకి మారిపోతున్నాయి. నొక్కితే పలకవు. వాటికి ఏ పెన్సిలూ పనికిరాదు. వినేవాళ్ల సంగతి అలా ఉంచితే, పాడినవాళ్ల నష్టం ఇంకా పెద్దది. మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌లో 2003 నుంచి 2015 వరకు జనం ఎక్కించిన పాటలు సర్వర్ల మార్పులో పోయాయని 2019లో బయటపడింది. అవి ఐదు కోట్లకు పైగా ఉంటాయని పత్రికలు రాశాయి. ఆ సైట్‌నే నమ్ముకుని వేరే కాపీ దాచుకోనివాళ్ల పాట ఇక ఎక్కడా లేనట్టే.

సర్వర్లు నడపడానికి ఖర్చవుతుందని నాకు తెలుసు. వాటిని కలకాలం నడపమని అడగడం లేదు. ఆపేసే రోజున చివరి అప్‌డేట్ ఒకటి ఇచ్చి, ఒంటరిగా ఆడే భాగాన్ని సర్వర్ అవసరం లేకుండా వదిలిపెట్టమంటున్నాను. కలిసి ఆడే ఆటలైతే ఆడేవాళ్లే సొంతంగా సర్వర్ పెట్టుకునే వీలు ఇవ్వొచ్చు. పాతకాలం కంప్యూటర్ ఆటలు చాలావరకు అలాగే నడిచేవి. ఇది కుదరని పనేం కాదు. ఇంత గొడవయ్యాక ఆ యూబీసాఫ్టే ‘ది క్రూ 2’కి ఆఫ్‌లైన్ సదుపాయం ఇస్తామని 2024లో ప్రకటించింది. జనం అడిగితేనే కదిలారు.

మరొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. కనీసం ఎన్నాళ్లు నడుపుతారో ధర పక్కనే అంతే పెద్ద అక్షరాలతో చెప్పాలి. రెండేళ్లే అని ముందే తెలిస్తే కొనాలా వద్దా అన్నది నేను తేల్చుకుంటాను. తెలియనివ్వకుండా డబ్బు తీసుకోవడం మోసమే.

మీ పత్రిక వినియోగదారుల పేజీలో కొత్త ఆటల రివ్యూలు వేసేటప్పుడు, నెట్ లేకపోతే ఆడగలమా, కంపెనీ చేతులెత్తేస్తే మనకు మిగిలేదేమిటి అనే రెండు ప్రశ్నలకు జవాబు కూడా వేయించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు