ఇసుకను తవ్వే టైర్లు కాదు, ఇసుకపై పరుచుకునే టైర్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

గల్ఫ్ ఎడారుల్లో బండి నడపదలచిన వారికి టైర్ల ఎంపికపై గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇసుక తిన్నెల మీదికి వెళ్లేవారు వీలైనంత వెడల్పుగా ఉండి, లోతైన గట్లున్న మడ్ టెర్రెయిన్ టైర్లు కొనుక్కోవాలని అందులో సూచించారు. షార్జాలో ఒక టైర్ల దుకాణంలో పదిహేడేళ్లుగా పనిచేస్తూ, సెలవు రోజుల్లో లహ్‌బాబ్, అల్ బదాయర్ తిన్నెల మీద తిరుగుతున్నవాడిగా ఆ సలహా సరికాదని చెప్పవలసి వస్తోంది. జగిత్యాల నుంచో కడప నుంచో వచ్చి, నలుగురు కలిసి ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనుక్కున్న మన కుర్రాళ్లు ఇలాంటి మాటలు నమ్మి నెల జీతానికి మించిన డబ్బు టైర్లకు పోయడం తరచూ చూస్తున్నాను.

వ్యాసకర్త బురదనూ ఇసుకనూ ఒకే గాటన కట్టారు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజ్ వీల్స్ ఎందుకు బిగిస్తారో మన రైతులకు తెలుసు. మెత్తటి బురద కింద గట్టి పొర ఉంటుంది కనుక, చక్రం బురదను చీల్చుకుంటూ దిగి ఆ గట్టి నేలను పట్టుకోవాలి. మడ్ టెర్రెయిన్ టైరు చేసేదీ ఇంచుమించు అదే పని. ఇసుక తిన్నెలో చక్రానికి అందే లోతులో గట్టి పొర ఏదీ ఉండదు. తవ్వినకొద్దీ ఇసుకే వస్తుంది. అక్కడ చక్రం కిందికి దిగకూడదు, పైన తేలాలి. ఇనుప పట్టా చక్రాల ఎడ్లబండి దిగబడిపోయిన ఏటి ఇసుకలోనే టైరు బండి సులువుగా దాటిపోవడం చూసినవారికి ఇంతకన్నా వివరంగా చెప్పనక్కరలేదు.

ఈ పొరపాటు మొదట్లో నేనూ చేశాను. కొత్త మడ్ టైర్లు వేయించుకొని, వాటిలో 35 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కన గాలి ఒత్తిడి) గాలి అలాగే ఉంచి, లహ్‌బాబ్‌లో రెండో తిన్నె ఎక్కబోయాను. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ టైరు గట్లు పారల్లా ఇసుకను వెనక్కి ఎత్తిపోశాయి, నిమిషం తిరగకుండానే ఇరుసు ఇసుక మీద కూర్చుంది. అటుగా వచ్చిన స్థానికుడైన ఒక పెద్దాయన నా ఇంజనును ఆపించి, చక్రం పక్కన గొంతుక్కూర్చొని, తాళం చెవి మొనతో వాల్వును నొక్కి పట్టుకున్నారు. గాలి బుసలు కొడుతూ పోతుంటే, దింపిన బియ్యం బస్తా అడుగులాగా టైరు పక్కలకు ఉబ్బింది. నాలుగు టైర్లూ 12కు దిగాక, చక్రాల వెనుక ఇసుకను చేతులతో తోసేసి రివర్సులో తీస్తే బండి బయటికి వచ్చింది. నా బండి చేసిన గుంత పక్కనే ఆయన బండి జాడ, కాగితం మీద ముద్ర గుద్దినట్టు, అంగుళం లోతైనా లేకుండా కనిపించింది. ఆయన టైర్లు సగం అరిగిన మామూలు ఆల్ టెర్రెయిన్లు, అంటే రోడ్డుకూ మట్టి దారికీ రెంటికీ పనికొచ్చేవి. ఇసుకలో కొంత అరిగిన టైరే మేలని తర్వాత నాకే అర్థమైంది.

దీని వెనుక లెక్క కష్టమైనదేమీ కాదు. మనుషులతో కలిపి 2,600 కిలోలున్న బండిలో ఒక్కో చక్రం మీద సుమారు 650 కిలోల బరువు పడుతుంది. టైరు గోడ (పక్క భాగం) బిగువును పక్కన పెడితే, 35 పీఎస్ఐ దగ్గర ఆ టైరు సుమారు 260 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతుంది, 15కు దించితే అది 600 దాటుతుంది. వెడల్పు టైరు వేసి గాలి మాత్రం దించకపోతే ఈ విస్తీర్ణం పెద్దగా పెరగదు, దాని ఆకారమే మారుతుంది. గాలి దించినప్పుడు టైరు ప్రధానంగా పొడవునా పరుచుకుంటుంది, బండిని తేల్చేది ఆ పొడవే. ఇప్పటి ఆల్ టెర్రెయిన్ టైర్లు లేని కాలంలో, 1930 ప్రాంతంలో, ఫోర్డ్ కార్లతో లిబియా ఎడారిలో తిరిగిన బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ బృందం కూడా టైర్లలో గాలి తగ్గించే తిన్నెలు దాటింది.

అందువల్ల టైరు కొనేటప్పుడు మొదట చూడవలసింది గట్లను కాదు, పరుచుకోవడానికి సరిపడా గోడ ఉందా లేదా అన్నది. 265/70ఆర్17 అని ఉంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 70 శాతం, అంటే సుమారు 185 మిల్లీమీటర్లు. అదే బండికి అందం కోసం 20 అంగుళాల రిమ్ములు బిగించి 265/50ఆర్20 వేస్తే గోడ 132కు పడిపోతుంది. అలాంటి టైరులో గాలి దించితే రిమ్ము రాయికి తగిలే ప్రమాదమే ఎక్కువ. మా దుకాణానికి పెద్ద రిమ్ముల కోసం వచ్చేవారికి ఈ మాట చెబితే వ్యాపారం పోతుందని యజమాని విసుక్కుంటారు, అది వేరే సంగతి. ఎల్‌టీ (లైట్ ట్రక్) అని రాసి ఉన్న పది ప్లై (పది పొరల బలమున్న) టైర్లు రాళ్ల దారులకు గట్టివే కానీ, వాటి గోడ బిరుసు కావడం వల్ల అంతే ఉబ్బడానికి మరికొంత గాలి తీయవలసి ఉంటుంది. బరువు తక్కువున్న బండికి అవి అనవసరం.

తయారీ తేదీ గురించి వ్యాసంలో ఒక్క మాటా లేకపోవడం మరో లోపం. టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర ఉండే నాలుగు అంకెల్లో 2319 అంటే 2019లో 23వ వారం. ఇక్కడి ఎండకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. గట్లు కొత్తగా కనిపించే పాత టైరును గాలి దించి నడిపితే, గోడ మడత పడే చోట పగుళ్లు బయటపడతాయి.

గాలి దించడానికీ హద్దుంది. మామూలు రిమ్ముల మీద 15తో మొదలుపెట్టి, అవసరమైతే 12 వరకు వెళ్లవచ్చు. పది కన్నా తగ్గించి స్టీరింగును ఒక్కసారిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. గాలి దించిన టైర్లతోనే తారు రోడ్డెక్కి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఇంటికి రావడం అంతకన్నా ప్రమాదం, వేడెక్కిన గోడ చీలిపోవచ్చు. గేజీ, కంప్రెసర్ లేకుండా తిన్నెల వైపు వెళ్లకూడదని వ్యాసంలో తప్పక రాసి ఉండవలసింది.

ఇక్కడ ఎడారి ప్రయాణాల కాలం అక్టోబరులో మొదలవుతుంది. అంతకు ముందే మీ అనుబంధంలో ఆ వ్యాసానికి సవరణ వేసి, అందులో ఇచ్చిన టైర్ల పట్టికకు గాలి కొలతల గడిని కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, షార్జా