మీ సైట్ అప్‌డేట్లు ఇకపై రెండు రోజులు ఆలస్యంగా

బెంగళూరులో మా దగ్గర వర్డ్‌ప్రెస్ సైట్లు నడుపుతున్న తెలుగు వ్యాపారులందరికీ నమస్కారం.

గత నెల పీహెచ్‌పీని (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాషను) 7.4 నుంచి 8.3కి మార్చినప్పుడు కొందరి సైట్లు తెల్లటి ఖాళీ పేజీలా మిగిలాయి. తప్పు మాదే. 7.4కి భద్రతా సవరణలు 2022 నవంబరులోనే ఆగిపోయాయి కాబట్టి మార్చక తప్పదు. కానీ నకలు మీద పరీక్షించకుండా అసలు సైట్‌ మీదే చేశాం. పాత ప్లగిన్లు వాడే ఈచ్, క్రియేట్-ఫంక్షన్ లాంటి ఆదేశాలను పీహెచ్‌పీ 8లో తీసేశారు. ప్లగిన్ అక్కడ ఆగితే పేజీ మొత్తం ఆగుతుంది.

ఇకపై ప్రతి అప్‌డేటూ ముందు నకలు సైట్‌లో పెట్టి, రెండు రోజులు చూస్తాం. భద్రతా సవరణలు మాత్రం అదే రోజు. పరీక్షించిన నకలును తెచ్చి అసలు దాని మీద పెట్టం. మీ ధరలు, ఆర్డర్లు డేటాబేస్‌లో ఉంటాయి. అలా పెడితే ఈ రెండు రోజుల్లో వచ్చిన ఆర్డర్లు చెరిగిపోతాయి. అందుకే అదే అప్‌డేట్‌ను అసలు సైట్‌లో మళ్లీ చేస్తాం. ఫొటోలు, థీమ్, ప్లగిన్లు ఫోల్డర్లలో ఉంటాయి కనుక బ్యాకప్‌లో డేటాబేస్, ఫోల్డర్లు రెండూ ఉండాలి. ఒక్కటే ఉంటే సగం సైటే తిరిగొస్తుంది.

ప్లగిన్ లేదా థీమ్ లోపంతో సైట్ పడిపోతే, వర్డ్‌ప్రెస్ 5.2, ఆ తర్వాతి వెర్షన్లలో అడ్మిన్ ఈమెయిల్‌కి రికవరీ లింకు (లోపలికి వెళ్లి సరిచేసుకునే లింకు) వస్తుంది. చాలామందికి అక్కడ పాత డెవలపర్ ఈమెయిలే ఉంది! సెట్టింగ్స్‌లో జనరల్‌కి వెళ్లి మార్చండి. కొత్త ఈమెయిల్‌కి వచ్చే లింకు నొక్కితేనే మారుతుంది.

తెలుగు శీర్షికల లింకులు మధ్యలో తెగుతున్నాయని చాలామంది అడిగారు. ఒక్కో తెలుగు గుర్తు యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతిలో) 3 బైట్లు, లింకులో ఒక్కో బైటుకు 3 అక్షరాలు, అంటే 9. డేటాబేస్‌లో లింకు పేరుకు చోటు 200 అక్షరాలే. కాబట్టి 22 గుర్తులు దాటితే కత్తిరింపే. ఒత్తులు, గుణింతాలు వేరుగా లెక్కకొస్తాయి: ‘స్త్రీ’ ఒక్కటే 6 గుర్తులు. ప్రచురించకముందే స్లగ్ (లింకు పేరు) గడిలో ఇంగ్లీషు అక్షరాలతో రెండు మూడు మాటలు పెట్టండి. శీర్షిక తెలుగులోనే ఉంచండి, అది ఎంత పొడవున్నా ఇబ్బంది లేదు.

కరపత్రాల కోసం అను ఫాంట్‌లో కొట్టించిన మ్యాటర్ నేరుగా అతికించకండి. అది యూనికోడ్ కాదు, ఫోన్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. మాకు పంపితే మార్చి ఇస్తాం, దీనికి డబ్బులు తీసుకోం.