200 గళ్లని ముద్రించి అందులో సగమే ఇచ్చిన కన్వర్టర్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: టర్బో కారు కోసం మీరు అమ్మిన హై-ఫ్లో క్యాటలిటిక్ కన్వర్టర్ మీరు చెప్పినట్లు లేకపోవడం, పూర్తి డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నాలుగు నెలల క్రితం మీ సంస్థ నుంచి నా టర్బో పెట్రోలు కారుకు మూడంగుళాల హై-ఫ్లో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగకు ఎక్కువ అడ్డు పెట్టకుండా అందులోని విషవాయువులను శుద్ధి చేసే పరికరం) కొన్నాను. పెట్టె మీద ‘లోహపు కోర్, 200 సెల్’ అని, అంటే లోపలి రేకు చుట్టలో చదరపు అంగుళానికి పొగ వెళ్లే సన్నని గళ్లు 200 ఉన్నాయని, స్పష్టంగా ముద్రించి ఉంది. లోపల ఉన్నది అది కాదు. ఈ ఉత్తరం రాయడానికి మొదటి కారణం అదే. రెండోది, నేను ఫిర్యాదు చేసినప్పుడు మీ సాంకేతిక సిబ్బంది ఇచ్చిన సలహా. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ సలహాయే.

కొనేముందు నాకేం కావాలో మీ ప్రతినిధికి ఫోనులో వివరంగా చెప్పాను. టర్బోలో పొగ ఒత్తిడికి తిరిగే చక్రమైన టర్బైన్‌కు ముందున్న పీడనానికీ, దాని తర్వాత ఉన్న పీడనానికీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే, ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే ఆ టర్బో అంత త్వరగా వేగం అందుకుంటుంది. అందుకే తర్వాతి గొట్టంలో అడ్డు తగ్గించాలనుకున్నాను. చదరపు అంగుళానికి 400 గళ్లున్న నా పాత కన్వర్టర్ స్థానంలో 200 గళ్లది అడిగాను. 100 గళ్లది ఇంకా తేలిగ్గా పొగను వదులుతుందని తెలిసే వద్దనుకున్నాను. గళ్లు తగ్గేకొద్దీ ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన గోడల వైశాల్యం తగ్గుతుంది, శుద్ధి కాని పొగ బయటికి పోతుంది. కారు జోరుగా పరిగెత్తాలని నాకూ ఉంది, కానీ నా వెనక వచ్చేవాళ్లు ఆ విషం పీల్చడం నాకు ఇష్టం లేదు. ఇంత చెప్పినా మీ ప్రతినిధి జవాబు ఒక్కటే: “మూడంగుళాలది తీసుకోండి, ఎంత పవర్‌కైనా సరిపోతుంది.” గొట్టం వ్యాసం గురించి నేను అడగనే లేదు.

మొదటి రెండు వారాలు కారు బాగానే నడిచింది, ఆ మాట దాచను. టర్బో మునుపటికంటే ముందుగానే అందుకుంది. మూడో వారంలో ఇంజిన్ లైటు వెలిగింది. కోడ్ పి0420, అంటే కన్వర్టర్ తన పని సరిగా చేయడం లేదని. మెకానిక్ ముందుగా గొట్టాల్లో లీకులు వెతికాడు, ఎక్కడా లేవు. ఆ తర్వాత కన్వర్టర్ వెనక ఉండే ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్ నాకు చూపించాడు. కన్వర్టర్ ఆక్సిజన్‌ను నిల్వ చేసుకుని అవసరమైనప్పుడు వదులుతూ ఉంటే ఆ గీత దాదాపు నిలకడగా సాగాలి. నా కారులో అది 0.1 వోల్టుకూ 0.9 వోల్టుకూ మధ్య ఎగిరెగిరి పడుతోంది. చల్లగా ఉన్నప్పుడు ఏ కన్వర్టరూ పనిచేయదు, అది నాకు తెలుసు. కానీ గంటసేపు నడిపి ఇంటికి వచ్చినప్పుడు కూడా, గేటు తీయడానికి వచ్చిన మా అమ్మ ఘాటుకు ముక్కు మూసుకుని పక్కకు జరిగింది.

రెండో నెలలో కారు కింద రేకు కొట్టుకుంటున్న చప్పుడు మొదలైంది. కన్వర్టర్ విప్పించాను. చుట్టిన చాపను ఒకవైపు నుంచి వేలితో తోస్తే మధ్యభాగం రెండోవైపుకు పొడుచుకువస్తుంది చూడండి, లోపలి రేకు చుట్ట సరిగ్గా అలా వెనక్కి జారి ఉంది. పొరలను ఒకదానితో ఒకటి అతికిన ఆనవాలు ఎక్కడా లేదు. బిగించి చుట్టి డబ్బాలో దూర్చారంతే. టర్బో నుంచి వచ్చే పొగ గట్టిగా నడిపినప్పుడు 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదు. ఆ వేడికీ ఆ ఒత్తిడికీ అతుకు లేని చుట్ట ఎంతకాలం నిలుస్తుంది?

తర్వాత ఒక కాగితంలో సరిగ్గా సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు ఉన్న కిటికీ కత్తిరించి, రేకు చుట్ట ముఖం మీద ఆనించి, టార్చిలైటు వెలుగులో సూది మొనతో గళ్లు లెక్కపెట్టాను. మూడు చోట్ల లెక్కపెడితే 15, 16, 15 వచ్చాయి. చదరపు అంగుళం అంటే దాదాపు 6.45 చదరపు సెంటీమీటర్లు. 200 గళ్లది నిజమైతే ఆ కిటికీలో 31 కనిపించాలి. మీరు నాకు ఇచ్చింది నేను వద్దన్న 100 గళ్లదే. ఫొటోలు జతపరిచాను.

దీనికి మీ సిబ్బంది రెండు ముక్కల్లో జవాబిచ్చారు. నా ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతోందని, అందుకే కోర్ పాడైందని మొదటిది. ఐదు వారాల క్రితం పాత కన్వర్టర్‌నే మళ్లీ బిగించాను. అదే ఇంజిన్, అదే ట్యూనింగ్. లైటు మళ్లీ వెలగలేదు, ఇంధన సవరణ, అంటే కారు కంప్యూటర్ పెట్రోలు మోతాదును సరిదిద్దుకునే శాతం, 3 దాటలేదు. ఆ రిపోర్టు కూడా పంపుతున్నాను. ఇక రెండోది: సెన్సర్‌కు స్పేసర్ తగిలిస్తే లైటు ఆరిపోతుందట! సెన్సర్‌ను పొగ దారిలోంచి వెనక్కి లాగితే లైటు ఆరవచ్చు, కానీ కార్బన్ మోనాక్సైడ్ ఒక్క పిసరు కూడా తగ్గదు. కన్వర్టర్లు అమ్మే సంస్థ కొనుగోలుదారుకు ఇవ్వాల్సిన సలహా ఇదేనా?

ఇంకొకటి. పొగకు అడ్డు ఇంతగా తగ్గినప్పుడు, వేస్ట్‌గేట్ (అదనపు పొగను టర్బైన్ పక్కనుంచి మళ్లించే కవాటం) చిన్నదైతే బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, హద్దు దాటి పెరిగి ఇంజిన్‌కే ప్రమాదం రావచ్చు. నా కారుకు అలా జరగలేదు. కానీ మీ కరపత్రంలో దాని గురించి ఒక్క హెచ్చరికా లేదు.

కన్వర్టర్ ధర, రెండుసార్లు బిగించి విప్పిన ఖర్చు పూర్తిగా వాపసు ఇవ్వండి. ఇదే బ్యాచ్ కొన్న మిగతావారికి గళ్ల సంఖ్య తప్పని మీరే తెలియజేయండి. పెట్టె మీద అసలు గళ్ల సంఖ్య, రేకు అతికినదా కాదా, ఎంత వేడి తట్టుకుంటుంది, విలువైన లోహాలు ఎన్ని గ్రాములున్నాయి అన్నవి ముద్రించండి. స్పేసర్ సలహాను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్తాను.

కన్వర్టర్‌ను సంచిలో పెట్టి సీలు వేసి భద్రపరిచాను. మీ ఇంజినీరు నా ఎదుట గళ్లు లెక్కపెట్టుకోవచ్చు. నాలుగు నెలల క్రితం ‘ఎంత పవర్‌కైనా’ అని భరోసా ఇచ్చిన ప్రతినిధి కూడా ఆయనతో రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు