ఆ మూడు డ్రాల గురించి

గ్రూప్‌లో అందరికీ. 2022-23 ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌లో మన ఆర్సెనల్ టైటిల్ మాంచెస్టర్ సిటీ మీద 4-1తో ఓడిన రోజే పోయిందని రాత్రి నుంచి వాదన నడుస్తోంది కదా, నేను ఒప్పుకోను. అంతకు ముందు ఏప్రిల్‌లోనే లివర్‌పూల్ గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో 2-2, వెస్ట్ హామ్ దగ్గర 2-2, సొంత గ్రౌండ్‌లో అట్టడుగున ఉన్న సౌతాంప్టన్‌తో 3-3. గెలిస్తే 3, డ్రాకి 1 కాబట్టి మొత్తం 6 పాయింట్లు చేజేతులా పోగొట్టుకున్నాం, చివరికి తేడా 5 (మనకి 84, సిటీకి 89).

మొదటి రెండింట్లో 2-0 లీడ్‌లో ఉన్నాం! లీడ్ రాగానే ఆట నెమ్మదించింది. వెస్ట్ హామ్ మ్యాచ్ మళ్లీ చూడండి, మన మిడ్‌ఫీల్డర్ పార్టే మన సగంలోనే బంతి పట్టుకుని తాత్సారం చేస్తే అప్పటి వెస్ట్ హామ్ ఆటగాడు రైస్ లాగేసుకున్నాడు, వాళ్ల పకేటాని మన డిఫెండర్ గాబ్రియేల్ పడేశాడు, వాళ్లకి పెనాల్టీ. తర్వాత మనకొచ్చిన పెనాల్టీని సాకా బయటికి కొట్టాడు, కాసేపటికే వాళ్ల బోవెన్ సమం చేశాడు. పాపం సాకాని తిట్టకండి, ఏడాదంతా టీమ్‌ని మోసింది అతనే.

అసలు దెబ్బ మన డిఫెండర్ సలీబా గాయం. డిఫెన్స్ అంత ముందుకొచ్చి ఆడాలంటే వెనక్కి పరిగెత్తి కవర్ చేసేవాడు కావాలి, ఎడమవైపు డిఫెండర్ జించెంకో మిడ్‌ఫీల్డ్‌లోకి వెళ్లిపోయేవాడు కాబట్టి మరీ అవసరం. సలీబా బదులు వచ్చిన హోల్డింగ్ మనసుపెట్టే ఆడాడు, కానీ ఆ వేగం లేదు. అలాంటప్పుడు కోచ్ ఆర్టెటా డిఫెన్స్ లైన్ కాస్త వెనక్కి దించి, జించెంకోని ఎడమవైపే ఉంచాల్సింది. ప్లాన్ మార్చకపోవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మీరేమంటారు?