ఫార్మాట్ కొట్టించే ముందు టాస్క్ మేనేజర్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో కంప్యూటర్ నెమ్మదించిందంటే ఏం చేయాలో చెప్పే చిట్కాలు మీ పత్రికతో సహా చాలా చోట్ల వస్తున్నాయి. అన్నిటిదీ దాదాపు ఒకే పాట. టెంప్ ఫైళ్లు తీసేయండి, డెస్క్‌టాప్ మీద ఐకాన్లు తగ్గించండి, ఏదైనా క్లీనర్ వేసుకోండి, అప్పటికీ దారికి రాకపోతే ఫార్మాట్ కొట్టించండి. అసలు లోపం ఎక్కడుందో కనుక్కోమని మాత్రం ఎవరూ చెప్పరు. డిస్కే అరిగిపోయి ఉంటే ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఫలితం ఉండదు, పైగా బ్యాకప్ తీసుకోనివాళ్ల ఫొటోలు పోతాయి.

విండోస్ 10 అయినా 11 అయినా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సిస్టమ్ మొరాయిస్తున్న సమయంలోనే దాన్ని తెరవాలి, బాగా నడుస్తున్నప్పుడు చూస్తే ఏమీ దొరకదు. ప్రాసెసెస్ పేజీ పైభాగంలో సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్, నెట్‌వర్క్ అని గడులుంటాయి. ఏ గడి 100 శాతం దగ్గర దిగనంటోందో చూడాలి. ఏదీ అలా లేకుండా వెబ్ పేజీలు మాత్రమే ఆలస్యమవుతుంటే తప్పు ఇంటర్నెట్‌ది, లేదా బ్రౌజర్‌లో పేరుకున్న ఎక్స్‌టెన్షన్లది.

పాత కంప్యూటర్లలో ఎక్కువగా పట్టుబడేది డిస్కే. గడిలో 100 శాతం ఉంటుంది, కింద ప్రోగ్రాములన్నీ చదివేది కలిపినా సెకనుకు ఒకటి రెండు ఎంబీలు దాటదు. ఈ వంద శాతానికి అర్థం డిస్క్‌కు క్షణం తీరిక లేదని, డేటా వరదలా పారుతోందని కాదు. తిరిగే హార్డ్‌డిస్క్‌లో హెడ్ జరగాలి, పళ్లెం తిరిగి కావలసిన చోటు దాని కిందికి రావాలి. ఒక్కోసారికి సుమారు 10 నుంచి 15 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు వందకు అటూ ఇటూగా చిన్న పనులు, అంతే. విండోస్ మొదలవడానికేమో చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో చదవాలి. చిప్‌లలో డేటా దాచే డిస్క్ అయిన ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి అలాంటి పనులు సెకనుకు వేలల్లో చేసేస్తుంది. పెద్ద వీడియో కాపీ చేస్తే చురుగ్గానే కనిపించే హార్డ్‌డిస్క్, బ్రౌజర్ తెరవమంటే నిమిషం తీసుకునేది ఇందుకే. పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ మీద నొక్కితే హెచ్‌డీడీయో (తిరిగే హార్డ్‌డిస్క్) ఎస్‌ఎస్‌డీయో రాసి ఉంటుంది. విండోస్ ఉన్న డిస్క్ హెచ్‌డీడీ అయితే చిట్కాలతో కాలయాపన చేయకండి, మార్చేయండి.

మార్చే ముందు రెండు పరీక్షలు. మొదటిది మెమరీ గడి. అది కూడా 85, 90 శాతంలో ఉంటే, ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ డిస్క్ మీదికి తోస్తూ మళ్లీ లాగుతూ ఉందన్నమాట. అప్పుడు డిస్క్ అలసటకు మూలం ర్యామ్ తక్కువ కావడం. 4 జీబీతో విండోస్ 11 మొదలైతే అవుతుంది గానీ, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచేసరికి చతికిలబడుతుంది. 8 జీబీ ఉంటే ఇంటి పనులకు సరిపోతుంది. మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో కనిపిస్తుంది. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 దిగదు, గాడి వేరు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, పెంచే వీలుండదు.

రెండోది డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్స్ (డిస్క్‌లో పాడై పక్కన పెట్టిన చోట్లు), కరెంట్ పెండింగ్ సెక్టార్ (సరిగా చదవలేక అనుమానంలో ఉన్న చోట్లు) అనే వరుసలు చూడండి. కుడివైపు చివరనున్న ముడి విలువ సున్నా కాకపోతే, అందులోనూ వారం వారం పెరుగుతుంటే, ఆ డిస్క్‌తో ఇంకే ప్రయోగమూ చేయకుండా ముందు ఫైళ్లు బయటికి తీసుకోవాలి. అవి బాగుండి అల్ట్రా డీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ను అనుమానించే ముందు దాన్ని బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు బోర్డులో ఎం.2 స్లాట్ (పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ దిగే చోటు) ఉంటే అది ఎన్‌వీఎంఈ రకానిదో సాటా రకానిదో మాన్యువల్‌లో చూసుకోవాలి, పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. స్లాట్ లేకపోతే రెండున్నర అంగుళాల సాటా రకం. పాతదాన్ని క్లోన్ చేసే (ఉన్నదున్నట్టు కొత్తదానికి కాపీ చేసే) ముందు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేయాలి. పీకకపోతే బయోస్ (కంప్యూటర్‌ను లేపే బోర్డు లోపలి ప్రోగ్రామ్) మళ్లీ పాతదాని నుంచే మొదలుపెట్టవచ్చు. ‘కొత్తది వేసినా తేడా లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటి గుట్టు ఇదే.

సీపీయూ విషయానికొస్తే, శాతంతో పాటు పెర్ఫార్మెన్స్ పేజీలో వేగం కూడా చూడాలి. బేస్ స్పీడ్ 2.4 గిగాహెర్ట్జ్ అని ఉండి, పని మీద ఉన్నప్పుడు కూడా వేగం 0.8 దగ్గరే నిలిచిందంటే వేడికో, సరిపోని ఛార్జర్‌కో ప్రాసెసర్ తనను తాను తగ్గించుకుంటోంది. గాలి పోయే జాలీలో దుమ్ము అట్టకట్టిందేమో చూడండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా పట్టుకోవాలి, విచ్చలవిడిగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. దుమ్ము పోయినా వేడి తగ్గకపోతే ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు.

అదే పేజీలో అప్ టైమ్ అని ఒకటుంటుంది. రోజూ రాత్రి షట్ డౌన్ చేసే ఇళ్లలో కూడా అది ఇరవై, ముప్పై రోజులు చూపించవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ నొక్కినా విండోస్ తన కెర్నల్‌ను (లోపలి మూల భాగాన్ని) డిస్క్ మీద దాచుకుని మర్నాడు అలాగే లేస్తుంది. నిజంగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ నొక్కాలి.

స్టార్టప్ యాప్స్‌లో అక్కర్లేనివి ఆపేయండి, యాంటీవైరస్ ఒకటే ఉంచండి, సీ డ్రైవ్‌లో 15 శాతమైనా ఖాళీ ఉంచండి. ఇక రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులు దాచే చోటు) క్లీనర్ల సంగతి. లక్షల ఎంట్రీల్లో కొన్ని వందలు తీసేస్తే వేగంలో తేడా తెలియదు, పొరపాటున పనికొచ్చేది పోతే ప్రోగ్రామే తెరుచుకోదు. పైగా అలాంటి క్లీనర్లు చాలావరకు తామే స్టార్టప్‌లో చేరి కూర్చుంటాయి. ఎస్‌ఎస్‌డీని బయటి ప్రోగ్రాములతో డీఫ్రాగ్ చేయడం (చెల్లాచెదురైన ఫైల్ ముక్కలను ఒకచోట చేర్చడం) కూడా దండగే. దానికి కావలసిన ట్రిమ్ (తీసేసిన ఫైళ్ల చోట్లు ఖాళీ అని డిస్క్‌కు చెప్పడం) విండోస్ తనంతట తానే చేస్తుంది.

ఇన్నీ చూశాక కూడా ఫార్మాట్ తప్పదనిపిస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు వేరే డిస్క్‌కు ఎక్కించి, ఆ కాపీలు ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే మొదలుపెట్టాలి. మీ చిట్కాల శీర్షికలో కనీసం ఈ చివరి మాటైనా ప్రతిసారీ వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్