3 టీబీ డిస్కును 746 జీబీగా చూపిస్తున్న మీ డాక్ గురించి

కస్టమర్ సపోర్ట్ వారికి,

ఇదే విషయం మీద మీకు రాయడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ "డిస్కును ఫార్మాట్ చేసి చూడండి" అనే ఒకే జవాబు వచ్చింది. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదివాకే జవాబివ్వండి.

మీ యూఎస్‌బీ హార్డ్ డిస్క్ డాక్ (డిస్కును యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కి కలిపే స్టాండు) పెట్టె మీద "8 టీబీ వరకు పనిచేస్తుంది" అని పెద్దక్షరాలతో ఉంది. నా 3 టీబీ డిస్కు అందులో పెట్టి, లినక్స్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే (డిస్కుల సైజులు చూపే కమాండ్) కొడితే 746.5 జీబీ అని వచ్చింది. మీరు 1000తో లెక్కేస్తారు, కంప్యూటర్ 1024తో లెక్కేస్తుంది అన్న పాత పాట మాత్రం పాడకండి, ఆ తేడాకి 3 టీబీ 2.7 అవుతుంది గానీ ఇంతలా చిక్కిపోదు.

ముందు తప్పు నాదే అనుకున్నాను. డిస్కు మీద పాత ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ (డిస్కులోని భాగాల వివరాలు రాసుకునే పట్టిక) ఉందేమో, అది సెక్టార్ల (డిస్కు మీది చిన్న చిన్న ముక్కల) నంబర్లను 32 బిట్లలోనే రాసుకుంటుంది కాబట్టి 512 బైట్ల సెక్టార్లతో 2.2 టీబీ దాటలేదు కదా అని, పార్టెడ్ అనే టూల్‌లో జీపీటీ లేబుల్ (ఆ హద్దు దాటగల కొత్త రకం పట్టిక) పెట్టి మళ్లీ ఫార్మాట్ చేశాను. ఖాళీ డిస్కు కాబట్టి బతికిపోయాను. మళ్లీ అదే 746. అప్పుడు గానీ నాకు వెలగలేదు, ఎంబీఆర్ గొడవే అయితే పార్టిషన్ 2.2 టీబీ దగ్గర ఆగుతుంది, డిస్కు సైజు మాత్రం పూర్తిగానే కనిపిస్తుంది. ఇక్కడ డిస్కే చిన్నదైపోయింది.

డిస్కు బయటికి తీసి నేరుగా మదర్‌బోర్డు సాటా పోర్టుకి తగిలించాను. 5,860,533,168 సెక్టార్లు కనిపించాయి. మీ డాక్‌లో పెడితే 1,565,565,872. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి చూడండి, 4,294,967,296 వస్తుంది. అంటే సరిగ్గా 2 పవర్ 32, ఒక్క సెక్టార్ అటూ ఇటూ లేదు. మీ డాక్‌లో సాటాని యూఎస్‌బీకి మార్చే బ్రిడ్జ్ చిప్ 32 బిట్లు దాటిన భాగాన్ని కత్తిరించేసి మిగిలిన ముక్కనే డిస్కు సైజని చెబుతోంది. ఇంత పెద్ద డిస్కు ఉన్నప్పుడు సైజు అడిగే 'రీడ్ కెపాసిటీ 10' కమాండ్‌కి చిప్ అన్నీ ఎఫ్‌లు (32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య) పంపాలి, అది చూసి కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ముఖ్య భాగం) 'రీడ్ కెపాసిటీ 16'తో మళ్లీ అడిగి అసలు సైజు తెలుసుకుంటుంది. మీ చిప్ ఆ పని చేయకుండా నిబ్బరంగా అబద్ధం చెబుతోంది.

"లినక్స్‌కి సపోర్ట్ లేదు" అంటారేమోనని ఫ్రెండ్ విండోస్ ల్యాప్‌టాప్‌కి కూడా పెట్టి చూశాను. అక్కడా 746 జీబీనే.

నాకు అసలు కోపం సైజు మీద కాదు, మీ సలహా మీద. ఎవరైనా డేటా నిండా ఉన్న 3 టీబీ డిస్కు ఇందులో పెడితే పార్టిషన్ చివరి భాగం, డిస్కు చివర ఉండే బ్యాకప్ జీపీటీ (ఆ పట్టిక నకలు) రెండూ అందవు, టేబుల్ పాడైందని ఎర్రర్ వస్తుంది. డిస్కు మాత్రం లోపల శుభ్రంగానే ఉంటుంది. మీ మాట విని ఫార్మాట్ కొడితే అప్పుడు నిజంగానే డేటా పోతుంది.

ఈ చిప్‌కి సరైన ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఉంటే పంపండి, లేకపోతే డాక్ వెనక్కి తీసుకుని మొత్తం డబ్బు ఇవ్వండి. పెట్టె మీద ఆ 8 టీబీ మాట తీసేయండి. సైజు తక్కువ కనిపిస్తోందని ఎవరు రాసినా ముందు డిస్కును నేరుగా సాటాకి పెట్టి చూడమని చెప్పమని మీ సపోర్ట్ వాళ్లకి చెప్పండి. రెండు చోట్లా తీసిన స్క్రీన్‌షాట్లు జత చేశాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
మీ కస్టమర్